గులాబీ గౌను కింద నలుపు

పెలాజీ అంబేర్ కుట్టిన గౌను బాడీ తొడుక్కుంటే ఊపిరాడదని మా లూనెవిల్ ఊరి ఆడవాళ్లు ఆమెను ఆడిపోసుకునేవాళ్లు. పెళ్లనగానే, విందనగానే మళ్లీ ఆమె గుమ్మం ముందే చేరేవాళ్లు. ఊపిరాడకపోతేనేం, నడుం సన్నగా కనిపించాలి కదా. ఎవరేమన్నా పెలాజీ నోట్లో గుండుసూదులు పెట్టుకొని ఊఁ కొట్టేది. ఆ సూదులు తీసి ఆమె మాట్లాడటం మొదలుపెట్టిందంటే ఎదుటిమనిషి ఒళ్లు చేసిందని అర్థం.

ఆమె తండ్రి పింగాణీ కార్ఖానాలో పళ్లేల మీద కోడిపుంజు బొమ్మలు వేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే పిల్లను సన్యాసినుల బడిలో వేశారు. ప్రార్థనలు అంతంతమాత్రంగా వచ్చాయిగానీ కుట్టు మాత్రం చేతికి అబ్బింది. పెద్దయ్యాక గుర్రపు జీనులు కుట్టే అంబేర్‌ను పెళ్లాడింది. ఆయన తోలు కుడితే ఈమె పట్టు కుట్టేది. ఒక చలికాలం ఛాతీ జ్వరం తగిలి ఆయన పోయాడు. అప్పటికి బ్లేజ్ ఇంకా చంకలో పిల్లాడే. ఆ ఒక్క కొడుకునూ ఆమె సూదిమొన మీద సంపాదించి పెంచింది.

మాకు పారిస్ అంటే రంగులద్దిన ఒక కాగితం బొమ్మ. ఫ్యాషన్ పత్రిక ముందు నాన్సీ నగరానికి వచ్చేది. అక్కడి కుట్టుపనివాళ్లు దాన్ని పీల్చి పిప్పి చేశాక మాకు చేరేది. మా దగ్గర నలిగి చిరిగాక పల్లెలకు పోయేది. పారిస్ దొరసానులు మొహం మొత్తి వదిలేసిన చేతికుచ్చు మా పల్లెలో పశువుల డాక్టరు భార్యకు అందేసరికి ఆ దొరసానులకు మనవరాళ్లు పుట్టేవాళ్లు. పైగా బొమ్మలో ఒక వైపే కనిపిస్తుంది. రెండో వైపు ఏముందో పెలాజీ తన బుర్రతో ఊహించుకొని కుట్టాల్సిందే.

ఒక ఏడాది బొమ్మలో దొరసాని ముఖం ఎదురుగా పెట్టి నిలబడింది. ఆ ఏడు సొగసంతా గౌను వెనక ఎత్తులో ఉందని ఆ బొమ్మ చెప్పలేదు. పెలాజీ ఉన్న కుచ్చులన్నీ ముందుకే పెట్టి కుట్టేసింది. ఊరు ఊరంతా ముందు పొంగి, వెనక చదునుగా చర్చికి వెళ్లింది. ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సినవాళ్లు కూడా అదే వేసుకున్నారు మరి.

జర్మన్లతో యుద్ధం వచ్చేనాటికి బ్లేజ్ తండ్రి పనిముట్లతో జీనుల పనే చేస్తున్నాడు. పెలాజీ దగ్గర కుట్టుకు వచ్చే రేన్ అనే పిల్లతో పెళ్లి మాట అనుకున్నారు. మా వైపు పండే పసుపుపచ్చని మిరబెల్ పండ్ల కోతలు అయ్యాక ముహూర్తం పెట్టుకుందామనుకున్నారు. పండ్లు కోతకు రాకముందే అతన్ని సైన్యంలోకి పిలిచారు, అవి చెట్టు మీద ఉండగానే గ్రావ్‌లోత్ దగ్గర పోయాడు. పక్కనే నిలబడి పోరాడినవాడు ఒకడు కుంటుకుంటూ వచ్చి చెప్పాడు. నలుగురితో పాటు ఒకే గోతిలో పెట్టి మన్ను కప్పారట. తరువాత సంధి రాసుకున్నారు, సరిహద్దు గీత గీశారు, ఆ నేల జర్మన్ల వైపు పోయింది. కొడుకూ పోయాడు, కొడుకున్న మన్నూ పోయింది.

ఆపైన మూడేళ్లపాటు జర్మన్ సైన్యం మా ఊళ్లో తిష్ఠ వేసింది. పెలాజీ ఇంట్లో దింపిన సైనికుడి టోపీ ఆమె వంటింట్లో మేకుకు వేలాడేది. ఆమె నల్లబట్టలు తీయలేదు. కొడుకు కోసం ఏడాదో ఏడాదిన్నరో నలుపు కట్టి తరువాత బూడిదరంగులోకి రావడం మా వైపు ఆనవాయితీ. ఆమె రాలేదు. వాడి సమాధి మీద చేయి వేయలేను, వాడి పేరు రాతి మీద లేదు, నేను కూడా బూడిదరంగు కడితే ఇక వాడు ఉన్నాడని ఎవరికి గుర్తు, అనేది. ఆమెకు మిగిలిన భయం అదొక్కటే. తాను పోయేలోపే బ్లేజ్‌ను అందరూ మరిచిపోతారని.

రేన్ ఉన్నందువల్ల ఆ భయం కొంత అణిగి ఉండేది. పెళ్లి కాకపోయినా ఆ పిల్ల పెలాజీని అత్తా అనే పిలిచేది. ఇద్దరూ కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చొని కుట్టేవాళ్లు. రోజులో ఏదో ఒక వేళ బ్లేజ్ మాట వచ్చేది. వాడు పందిమాంసం రొట్టె అంచులు తినకుండా వదిలేసేవాడని ఒకరంటే, కుక్కకు పెట్టేవాడని ఒకరనేవాళ్లు. మగపిల్లల బడిలో పాఠాలు చెప్పే ఫెలిక్స్ అనే అతను ఈ మధ్య రోజూ ఆ కిటికీ ముందునుంచే బడికి వెళ్లి, టోపీ తీసి పలకరిస్తున్నాడు. అతని ఇంటికీ బడికీ ఆ వీధి దారే కాదు. పెలాజీ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఆ వేసవి చివర జర్మన్లు వెళ్లిపోయారు. మన అశ్వదళం తిరిగి ఊళ్లోకి వచ్చింది. ఊరు గంటలు మోగించింది, ఏడ్చింది, తాగింది. చలికాలం మొదట్లో సైనికాధికారులకు టౌన్‌హాల్లో డాన్సు విందు ఇవ్వాలని పెద్దలు తీర్మానించారు. యుద్ధంలో మనిషి పోయిన ప్రతి ఇంటి ఆడవాళ్లనూ, ఆ ఇల్లు ఎంత చిన్నదైనా, పిలవాలన్నారు. అంబేర్ ఇంటి తరఫున రేన్‌కు పిలుపు వచ్చింది. పెలాజీకి కూడా వచ్చినట్టేగానీ, చిరిగిన అంచులు కుట్టడానికి ఆడవాళ్ల గదిలో కుట్టుమనిషి ఒకరు ఉండాలి కాబట్టి ఆమె సూదీదారంతో రావాలి.

పెద్దల సభలో ఆడవాళ్ల వైపు పెత్తనమంతా నోటరీ భార్య మదాం మర్షాల్‌ది. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆమె కొడుకు ఓగుస్త్ కూడా అదే యుద్ధంలో పోయాడు. ఆమె పెలాజీ ఇంటికి వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే మనసులోది కక్కేసింది.

"డాన్సు చేయకపోతే మనవాళ్లని అవమానించినట్టు. చేస్తే పిల్లల్ని మరిచిపోయినట్టు. మా ఆయనకేం, నల్లకోటు వేసుకొని చావుకీ పెళ్లికీ అదే వెళతాడు. నువ్వు చెప్పు పెలాజీ, నేనేం వేసుకోను?"

 మెడ దిగువకు కోసి, భుజాలు బయటపెట్టి, చేతులు లేకుండా కుట్టేదే సాయంత్రపు గౌను. అలా కుట్టకపోతే అది విందు గౌను కాదు. కుడితే కొడుకులు పోయిన తల్లులు దాన్ని తొడుక్కోలేరు. ఊళ్లో చాలామంది అదే మాట అంటున్నారు, కొందరు రామని కబురు కూడా పెట్టేశారు. చివరికి మదాం మర్షాల్, పాతబడ్డ బొమ్మలు పట్టుకొని కూర్చుంటే పని జరగదని, పారిస్‌లో ఏం చేస్తున్నారో చూసి రమ్మని సభ ఖర్చుతో పెలాజీని రైలెక్కించింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పారిస్ వెళ్లడం అదే మొదలు.

రైలు దిగి, దారి అడుగుతూ నడుస్తూ ఆమె పెద్ద చౌకు దగ్గరికి వచ్చింది. అక్కడ ఒక్కో నగరం పేరున ఒక్కో రాతి స్త్రీ కూర్చొని ఉంది. జర్మన్ల పాలైన స్ట్రాస్‌బర్గ్ పేరు మీదున్న ఆమె ఒంటినిండా నల్ల గుడ్డలు, నల్ల పూలచక్రాలు. పోయిన నేల కోసం పారిస్ కట్టిన నలుపది. పెలాజీ అక్కడే ఆగిపోయింది. ఇంత పెద్ద ఊరు, ఎంత దూరాన ఉండి, తన కొడుకున్న మన్ను కోసం ఏడుస్తోంది. ఆమె ఆ రాతి అరుగు అంచు పట్టుకొని, సిగ్గు విడిచి, దారినపోయేవాళ్ల ముందే కళ్లు తుడుచుకుంది. అక్కణ్ణుంచి తిన్నగా బట్టలిల్లుకు వెళ్లింది.

ఆ బట్టలిల్లు కొత్త గౌన్లను దేశదేశాల వాళ్లకు అమ్ముతుంది. మాలాంటి చిన్న ఊళ్ల కుట్టుపనివాళ్లు లేసో అంచో కొంటే, పక్క గదిలో కూర్చోబెట్టి గౌన్లు చూడనిస్తారు. కాగితం మీద గీసుకోవడం నిషేధం, కళ్లతో పట్టుకోవాల్సిందే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అందరూ ఒకరికొకరు పోటీయే. అడగడమంటే తెలియదని ఒప్పుకోవడమే, తెలియని పల్లెటూరివాళ్లకు ఆ ఇల్లు రెండోసారి తలుపు తీయదని అందరికీ తెలుసు.

పెలాజీ అంతవరకూ గౌనును కాగితం మీదా, పేము అల్లిక బొమ్మ మీదా చూసిందిగానీ, నడిచే మనిషి మీద చూడలేదు. తెర పక్కకు జరిగి ఒక పిల్ల వచ్చింది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు, ముఖం పాలిపోయి ఉంది. గులాబీరంగు పట్టు గౌను, వెనక ఎత్తు, నేల మీద జీరాడే తోక, మెడ దగ్గర లోతుగా కోసిన బాడీ. ఆ కోసిన చోట ఒళ్లు లేదు. నలుపు ఉంది. గడ్డం దాకా, మణికట్ల దాకా ఒంటికి అతుక్కున్న నల్ల శాటిన్, దాని మీద గులాబీ గౌను. వెనకే ఇంకో పిల్ల వచ్చింది, ఆకాశనీలం గౌను, కింద అదే నలుపు. మీగడరంగు గౌను, కింద అదే నలుపు.

 పొద్దున రాతి స్త్రీ ఒంటి మీద చూసిందే ఇక్కడ ఆడపిల్లల ఒంటి మీద ఉంది. పారిస్ డాన్సు మానలేదు, ఏడుపూ మానలేదు. నలుపును చర్మానికి ఆనించి లోపల కట్టుకొని, దాని మీద గులాబీ వేసుకొని డాన్సుకు వెళుతోంది. ఊళ్లో ఏ తల్లికీ దొరకని జవాబు ఇంత తేలికా అనిపించింది ఆమెకు. ఎవరినీ ఏమీ అడగలేదు. చూడాలని తపించినది కళ్లెదుటే నడుస్తుంటే ఇంకేం అడుగుతుంది. ఆ పాలిపోయిన పిల్లకు కూడా ఎవరో పోయి ఉంటారనుకుంది.

ఊరికి వచ్చి ఆమె చెప్పిన మాట ఇంటింటికీ పాకింది. మదాం మర్షాల్ ఈసారి కుర్చీలో కూర్చుంది. చేతితొడుగుల వేళ్లు సాగదీస్తూ, "పారిస్ వాళ్లకి గుండె ఉందని నేననుకోలేదు," అంది. తనకు ముదురు ఊదాకు, కూతురికి గులాబీకి కొలతలిచ్చింది. రామన్నవాళ్లు వస్తామని కబురు పెట్టారు. అన్న పోయిన చెల్లెలు వచ్చింది, మొగుడు పోయిన యువతి వచ్చింది. కొలతలకు వచ్చిన ప్రతి మనిషీ నలుపు కొలిచే వేళకు తమవాడి గురించి చెప్పేది. అంతకుముందు జాలిచూపు చూసి తప్పుకుపోయినవాళ్లే ఇప్పుడు పెలాజీని బ్లేజ్ గురించి అడిగారు. వాడి జుట్టు ఏ రంగు, ఏం పని చేసేవాడు, పాడేవాడా. ఆమె జీవితంలో అంత పని లేదు, అంత తృప్తీ లేదు.

నలుపును వేరే చొక్కాలా కుడితే డాన్సులో ముడతలు పడుతుందని ఆమె దాన్ని బాడీ మెడకూ, చంకలకూ కలిపి పక్కాకుట్టు వేసేసింది. అది గౌనులో భాగమని ఆమె నమ్మకం. విడిగా తీసే వీలు పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

రేన్‌కు మిరబెల్ పసుపు సిల్కు కోసింది. అద్దం ముందు నిలబెట్టి వీపు మీద తాడు బిగిస్తుంటే ఆ పిల్ల అడిగింది.

"అత్తా, ఇది వేసుకొని నవ్వితే తప్పా?"

"నవ్వు. ఎవరొద్దన్నారు? లోపల వాడుంటాడు."

రేన్ అద్దంలో తన మెడను చూసుకుంది.  పెలాజీ మాత్రం ఆ సాయంత్రం చాలా నెలల తరువాత వంటింట్లో కూనిరాగం తీసింది.

విందు నాడు టౌన్‌హాల్లో గ్యాసు దీపాలన్నీ వెలిగించారు. ఆడవాళ్ల గది తలుపు సందులోంచి పెలాజీ చూసింది. గులాబీ, నీలం, మీగడ, ఊదా, పసుపు, ప్రతి రంగు మెడలోనూ నలుపు. మేయరు స్వాగతం చెప్పబోయి ఆ వరసను చూసి ముందు తల వంచాడు. చెయ్యి ఒకటి పోయిన ముసలి కెప్టెను మదాం మర్షాల్ ముందుకు వచ్చి, వంగి, నలుపు కప్పిన ఆమె చేతిని కళ్లకద్దుకున్నాడు. తరువాత బ్యాండు మొదలైంది, ఆడవాళ్లు డాన్సు చేశారు. ఎవరూ తలలు దించుకోలేదు. మూడేళ్లుగా ఇళ్లలో తలుపులేసుకొని ఏడ్చినవాళ్లు వెలుగులో, అందరి మధ్యా, తమవాళ్లను ఒంటికి హత్తుకొని తిరుగుతున్నారు. బ్లేజ్ ఈ హాల్లో ఉన్నాడని పెలాజీ మనస్ఫూర్తిగా అనుకుంది. సంతోషమని చెప్పలేముగానీ, ఆమె కడుపులో బరువు మొదటిసారి కొంచెం దిగింది.

కొత్త కల్నల్ గారి భార్య ఆలస్యంగా వచ్చింది. పారిస్ మనిషి, మా ఊళ్లో దిగి వారం కూడా కాలేదు. కాసేపటికి ఎవరి బూటు కిందో పడి ఆమె గౌను అంచు చిరిగితే, దాన్ని పట్టుకొని గదిలోకి వచ్చింది. పెలాజీ మోకాళ్ల మీద కూర్చొని అంచు చేతిలోకి తీసుకుంది. అదే గులాబీ పట్టు. అదే కోత, అదే వెనక ఎత్తు. బట్టలిల్లులో నడిచిన గౌనే. తలెత్తి చూస్తే పైన తెల్లటి మెడ, తెల్లటి భుజాలు.

"నలుపు వేసుకోలేదేంటమ్మగారూ?" అంది పెలాజీ.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. ఈ ఊళ్లో అందరూ ఆ పిల్లల తొడుగు వేసుకొచ్చారేంటి? మా ఆయనా నేనూ ఇందాకట్నించి నవ్వలేక చస్తున్నాం."

"ఏ పిల్లల తొడుగు?"

కల్నల్ గారి భార్య దుర్మార్గురాలు కాదు. ముసలామె ముఖం చూసి నవ్వు ఆపేసింది. నెమ్మదిగా, విసుక్కోకుండా చెప్పింది. బట్టలిళ్లలో గౌను చూపించడానికి నడిచే పిల్లలు జీతగత్తెలు. కొనబోయే దొరసాని గౌనుకు వాళ్ల ఒళ్లు తగలకూడదు. వచ్చిన పెద్దమనుషుల ముందు వాళ్ల భుజాలు కనిపించడం మర్యాద కాదు. అందుకని ముందు వాళ్లను మెడ దాకా నల్ల తొడుగులో దూర్చి, దాని మీద గౌను వేస్తారు. అది ఎప్పుడూ ఉన్నదే. కొన్న మనిషికి గౌను ఇస్తారుగానీ ఆ నలుపు ఇవ్వరు.

"మరి మన పిల్లల కోసం... యుద్ధంలో..." అంది పెలాజీ.

"యుద్ధం కోసమా? అయ్యో అమ్మా. లేదు."

పెలాజీ చేతిలో సూది అలాగే ఉండిపోయింది. పారిస్ ఎవరి కోసమూ నలుపు కట్టలేదు. ఏడవడానికి ఒక రాతి బొమ్మను కూర్చోబెట్టి, తన డాన్సులు తాను చేసుకుంటోంది. ఆ పాలిపోయిన పిల్లకు ఎవరూ పోలేదు. ఆ పిల్ల ఒళ్లు ఒక గుడ్డకు తగలకూడదంతే. తన కొడుకు మీద ప్రేమతో, ఆ పరువు తక్కువ తొడుగును తెచ్చి ఊళ్లో తల్లులందరికీ తొడిగింది తాను.

ఆమె ఆ అంచు పూర్తిగా కుట్టింది. కుట్టాక, లేవకుండానే, ఆవిడ రెండు చేతులూ పట్టుకొని అడిగింది. ఈ ఒక్క సాయంత్రం హాల్లో ఎవరికీ చెప్పొద్దని, రేపు ఊళ్లో అందరూ తనను తిట్టుకున్నా ఫరవాలేదని. కల్నల్ గారి భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పనని మాటిచ్చింది. అబద్ధం ఆడలేదామె. కాకపోతే ఆమె గదిలోకి రాకముందే ఆమె భర్త ఇద్దరు అధికారులకు చెప్పి నవ్వాడు, ఆ ఇద్దరూ తమతో డాన్సు చేసేవాళ్లకు చెప్పారు.

ముందుగా వచ్చింది మదాం మర్షాల్, కూతుర్ని చేయి పట్టుకొని లాక్కొచ్చింది. కూతురి ముఖం ఎర్రబడిపోయి ఉంది. పెలాజీ ఏదో చెప్పబోయింది.

"మాట్లాడకు. కత్తెర తియ్యి," అంది మదాం మర్షాల్.

"అమ్మగారూ, నేను కళ్లారా చూశాను..."

"చూశావని తెలుసు. నువ్వు చెప్పావు, మేం నమ్మాం, ఎందుకు నమ్మామో నాకూ తెలుసు. కానీ జీతానికి బట్టలు చూపించే పిల్ల తొడుగేసుకొని నా కొడుకు పేరున నేను ఆ హాల్లో నిలబడలేను. వాళ్లు నన్ను చూసి నవ్వడంలేదు పెలాజీ. వాణ్ణి చూసి నవ్వుతున్నారు."

 పక్కాకుట్టు కాబట్టి విప్పడం కుదరదు, కోయాల్సిందే. మెడ అంచు వెంట, ఒంటికి మొన తగలకుండా ఎడమచేతి వేళ్లు అడ్డం పెట్టి పెలాజీ కత్తిరించింది. చేతులు ఊడి వచ్చాయి. నల్లగుడ్డ కింద నుంచి మదాం మర్షాల్ ముడతలు పడ్డ మెడ బయటపడింది, ఆమె దాన్ని అరచేత్తో కప్పుకుంది. తరువాత కూతురు. వాళ్లు వెళ్లేసరికి తలుపు దగ్గర ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. అన్న పోయిన చెల్లెలు ఏడుస్తూ కత్తిరించుకుంది. మొగుడు పోయిన యువతి అద్దం చూడకుండా కత్తిరించుకుంది. ఎవరూ పెలాజీని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే కాస్త నయంగా ఉండేది. కొలతలకు వచ్చినప్పుడు తమవాళ్ల పేర్లు చెప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు. పాదాల చుట్టూ నల్ల ముక్కలు పేరుకున్నాయి, ఆమె వాటిని కాలితో నెట్టలేక ఒక్కొక్కటీ తీసి కుర్చీ మీద పెట్టింది.

అందరి తరువాత రేన్ వచ్చింది. లోపలికి వచ్చి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. కత్తెర వైపు చూడలేదు.

"ఫెలిక్స్ పిలిచాడు," అంది. "డాన్సుకి. నేను ఆగమన్నాను."

పెలాజీ కుర్చీ మీది నల్ల ముక్కలు సర్దింది.

"నవ్వుతున్నారు అత్తా. నాకు నవ్వులు పట్టవు. నువ్వు ఉంచుకోమంటే ఉంచుకుంటాను. అలాగే వెళ్లి ఆ హాలు మధ్యలో నిలబడతాను. నీ ఇష్టం."

ఆ పిల్ల మనసులో కపటం లేదు. ఉంచుకోమంటే నిజంగానే ఉంచుకునేది. ఆ సాయంత్రమే కాదు, బహుశా జీవితమంతా. కిటికీ దగ్గర ఎదురుగా కూర్చొని రొట్టె అంచుల మాట చెప్పుకుంటూ, పెలాజీ పోయాక ఒంటరిగా చెప్పుకుంటూ బతికేది. ఉంచుకో అన్న మాట పెలాజీ నాలుక చివర దాకా వచ్చింది. ఊళ్లో బ్లేజ్ కోసం మిగిలిన నలుపు ఇక అదొక్కటే. ఆ మాట అనాలని ఆమె ఎంతగా కోరుకుందంటే, దాన్ని ఆపడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది.

"ఇటు తిరుగు," అంది.

రేన్ తిరిగింది. మిగతావాళ్లకన్నా ఆమెకు ఎక్కువసేపు పట్టింది, బాడీ ఒంటికి అంత బిగుతుగా, అంత శ్రద్ధగా కుట్టింది మరి. మెడ చుట్టూ కోసి, ఒక చేయి లాగి, రెండో చేయి లాగింది. పసుపు సిల్కులోంచి పిల్ల భుజాలు బయటికి వచ్చాయి. వాటిని బ్లేజ్ ఒక్కసారైనా చూశాడో లేదో ఆమెకు తెలియదు. చలి వేస్తోందా అని అడిగింది. లేదంది రేన్. అని, వంగి, పెలాజీ చేతిని ముద్దు పెట్టుకొని, ఏడుపు ముఖంతోనే బయటికి వెళ్లిపోయింది.

పెలాజీ తలుపు దాకా వెళ్లి నిలబడింది. దీపాల కింద తెల్లటి మెడలు, తెల్లటి భుజాలు, మధ్య మధ్య నగల తళుకు. నవ్వులు ఆగిపోయాయి, నవ్వడానికి ఇక ఏమీ లేదు. కల్నల్ గారి భార్య ఆమెను ఓదార్చాలనుకుందో ఏమో, దగ్గరికి వచ్చి మెల్లగా, "చూడమ్మా, ఎంత బాగా కుట్టావో. ఇప్పుడు అచ్చం పారిస్‌లా ఉంది," అంది. పెలాజీ జీవితమంతా వినాలనుకున్న మాట అదే. ఆ హాలు మొత్తానికి ఇక నలుపు ఆమె ఒంటి మీదున్నది ఒక్కటే, కుట్టుమనిషి బట్టలు ఎవరూ చూడరు.

బ్యాండు కొత్త పాట ఎత్తుకుంది. ఫెలిక్స్ రేన్ నడుం మీద చేయి వేసి, ఒకటి రెండు సార్లు కాలు తొక్కి, క్షమించమంటూ తిప్పుతున్నాడు. మొదటి చుట్టులో తలుపు ముందుకు వచ్చినప్పుడు రేన్ పెలాజీ వైపు చూసింది. రెండో చుట్టులో అతనేదో అన్నాడు, ఆమె నవ్వింది, చూడలేదు.